తాతగారి తిథి తెలుసు, పోయిన కారణం?

ప్రశ్న: మా నాన్నగారు 49వ ఏట నిద్రలోనే పోయారు. తాతగారు పొలం గట్టు మీద కూలబడి పోయారట. పాము ముట్టిందని కొందరు, గాలి సోకిందని కొందరు అంటారు. నాకిప్పుడు 41. 'మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా' అని డాక్టరు అడిగితే తెల్లమొహం వేశాను. నాన్నగారి మరణ ధ్రువపత్రం తీసి చూస్తే అందులో కారణమే లేదు. ఎక్కడ వెతకాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ కాగితం రాసిన గుమస్తాను తిట్టుకోకండి. బయటికిచ్చే నకలులో మరణ కారణం కనపడకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షనే చెబుతోంది. ఆసుపత్రిలో పోయినవారి విషయంలో డాక్టరు కారణం విడిగా రాసి రిజిస్ట్రారుకు పంపుతారు. దాని ప్రతిని దగ్గరి బంధువుకూ ఇవ్వాలన్న నిబంధన 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. అది ఈమధ్య పోయినవాళ్ల సంగతి. ఒకరు నిద్రలో, ఒకరు గట్టు మీద పోయిన మీ ఇంట్లో దస్తావేజు అంటూ ఏదైనా ఉంటే అది మీ మేనత్తే.

తద్దినం నాడు వెళ్లండి. భోజనాలయ్యాక పెద్దవాళ్లు వసారాలో చేరి పాత మాటలు తవ్వుకునే వేళ అది. పోయినవారి తిథి, పక్షం మూడు తరాల వరకు మనకు నోటికొచ్చు. ఎందుకు పోయారంటే మాత్రం 'కాలం తీరింది' అంటాం. అందుకే జబ్బు పేరు అడగకండి, కళ్లతో చూసింది అడగండి. అప్పటికి ఎన్నేళ్లు? ముందురోజు ఏమన్నారు? చెమటలు పోశాయా, ఎడమ చెయ్యి లాగుతోందన్నారా, మూతి వంకర పోయిందా? తోడబుట్టినవాళ్లు ఎన్నేళ్లు బతికారు?

పాత పేర్లను నమ్ముకుంటే దెబ్బతింటాం. రాచపుండు ఒక ఇంట్లో చక్కెర జబ్బువాళ్ల వీపున లేచే పుండు, ఇంకో ఇంట్లో క్యాన్సర్. తెలంగాణలో గత్తర అంటే కలరా. మహోదరం అంటే పొట్టలో నీరు చేరడం. చెడింది కాలేయమో మరొకటో ఆ మాట చెప్పదు. మా నాయనమ్మకు ఉబ్బసమని నలభై ఏళ్లు నమ్మాం. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునేదని, సాయంత్రానికి పాదాలు పొంగేవని మేనత్త చెప్పాక గానీ అది గుండె బలహీనత అయి ఉండొచ్చని నాకు తట్టలేదు, నేను డాక్టర్ని అయ్యుండి కూడా.

తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వస్తే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. నాన్నగారిది గుండెపోటేనని తేల్చే పని మీరు పెట్టుకోవద్దు. '49 ఏళ్లకు, నిద్రలో. తాతగారూ హఠాత్తుగానే' అని చెప్పండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ వాళ్లు చూసుకుంటారు. నాన్నగారి కలర్ ఫొటోలుంటే కనురెప్పల మీద పసుపుపచ్చ మచ్చలు కనిపిస్తాయేమో చూడండి. మడమ వెనక నరం లావుగా ఉండేదా అని అమ్మగారిని అడగండి. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే కుటుంబాల్లో కనబడే గుర్తులవి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ లోపముంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అన్నట్టు, గాలి సోకిందన్న మాట మీద మేనత్తతో వాదన పెట్టుకోకండి. మిగతాది చెప్పదు.

ప్రశ్న: మేం వైశ్యులం. మా పెద్దనాన్నకు ముప్పై ఏళ్ల కిందట ఏదో చిన్న ఆపరేషన్ చేస్తే, అయిపోయాక కూడా గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయారు. మెషిన్ మీద పెట్టి బతికించారు. మత్తు ఎక్కువిచ్చారని ఇంట్లో ఇప్పటికీ తిడతారు. వచ్చే నెల నాకు పిత్తాశయం ఆపరేషన్. ఇది చెప్పాలా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: సర్జన్‌కే కాదు, మత్తు డాక్టరుకు మీరే స్వయంగా చెప్పండి. గొట్టం వేసేముందు కండరాలు వదులవడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు వాడుతుంటారు. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొన్ని నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ లేనివారిలో మందు గంటల తరబడి నిలిచిపోయి, ఊపిరి కండరాలు కదలవు. వెంటిలేటర్ మీద ఉంచితే తేరుకుంటారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే ఆపరేషన్ దాకా ఎవరికీ తెలియదు. కోలినెస్టరేజ్ రక్తపరీక్ష ముందే చేయించండి. తక్కువని తేలితే వేరే మందు వాడతారు. పెద్దనాన్న పిల్లలకూ కబురు పెట్టండి. ఇన్నేళ్లు తిట్లు తిన్న ఆ డాక్టరు తప్పు బహుశా ఏమీ లేదు.

ప్రశ్న: మాది ఉద్దానం. నాన్న, చిన్నాన్న ఇద్దరూ కిడ్నీ జబ్బుతోనే పోయారు. చెల్లెలికి వచ్చిన సంబంధంవాళ్లు 'వంశంలో ఉంది' అని వెనకాడుతున్నారు.
- ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మీ వీధిలో మీకు ఏ చుట్టరికమూ లేనివాళ్లు ఎంతమంది అదే జబ్బుతో పోయారో లెక్కపెట్టి చూడండి. ఒకే ఇంట్లో ఇద్దరు పోయినంత మాత్రాన నేరం రక్తానిది కాదు. నల్గొండ పల్లెల్లో తండ్రికీ కొడుక్కీ కాళ్లు వంకర్లు పోయింది ఇద్దరూ తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల. ఉద్దానంలో నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, పుట్టుకతో వచ్చే బలహీనత కూడా తోడవుతోందా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. ఒళ్లునొప్పుల మాత్రలు సొంతంగా కొని మింగొద్దు.

పెళ్లివారి దగ్గర ఏదీ దాచకండి. చెల్లెలి రిపోర్టు వాళ్ల చేతిలో పెట్టండి. వాళ్లదీ ఆ చుట్టుపక్కల ఊరే అయితే అబ్బాయి రిపోర్టు కూడా అడగండి.