కంచే చేను మేసినట్లు: సూపర్ యాంటిజెన్లు



కాటన్‌పేటలోని మన ట్రస్టు ఇచ్చిన విద్యార్థి వేతనంతో చదువుకున్నవారిలో నేనూ ఒకడిని. బి.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో మా హాస్టల్ వీడ్కోలు విందులో పాయసం వడ్డించారు. ముందురోజు రాత్రి చేసి బయటే ఉంచినది. వంటాయన వేలికి చీము పట్టిన గాయం ఉంది. "మళ్ళీ మరిగించాను బాబూ, ఏమీ కాదు" అన్నాడు. చదివే చదువు మరచి నేనూ తిన్నాను. మూడు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. మరునాటి ప్రాక్టికల్ పరీక్ష పోయింది.

మరిగిస్తే క్రిములు చస్తాయి కదా, మరి ఎందుకిలా? మా అధ్యాపకులు చెప్పిన సమాధానమిది: స్టెఫిలోకోకస్ ఆరియస్ అనే బాక్టీరియా చీముగాయాల్లో ఉంటుంది. అది ఆహారంలో పెరిగి టాక్సిన్‌ను వదులుతుంది. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది గాని, ఆ టాక్సిన్ నశించదు. కడుపులో చేరితే వాంతులు కలిగించే ఈ టాక్సిన్లే సూపర్ యాంటిజెన్లు కూడా.

సూపర్ యాంటిజెన్ అంటే ఏమిటి?

మామూలు ప్రతిజనకాన్ని మన కణాలు ముక్కలు చేసి, ఎం.హెచ్.సి. అణువు గాడిలో పెట్టి టి-కణాలకు చూపుతాయి. తాళానికి సరిపడే చెవిలాంటి టి-కణమే స్పందిస్తుంది. అలాంటివి పదివేలలో ఒకటికి మించవు. సూపర్ యాంటిజెన్ ముక్కలు కాకుండానే, గాడి బయటినుండి ఆ రెండు కణాలనూ కలిపి పట్టేస్తుంది. దానితో ఐదింట ఒక వంతు దాకా టి-కణాలు ఒక్కసారే రేగుతాయి. సైటోకైన్లు వరదలా వస్తాయి. జ్వరం పెరుగుతుంది, రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాపాడవలసిన శక్తే హాని చేస్తుంది. 1989లో జాన్ కాప్లర్, ఫిలిప్పా మారక్ బృందం వీటికి ఈ పేరు పెట్టింది.

ముఖ్యమైన వ్యాధులు

1. టాక్సిక్ షాక్ సిండ్రోమ్: 1978లో డా. జేమ్స్ టాడ్ బృందం ఏడుగురు పిల్లల్లో గుర్తించి ఈ పేరు పెట్టింది. 1980లో అమెరికాలో, ఎక్కువగా పీల్చుకునే టాంపాన్లు వాడిన స్త్రీలలో చాలా కేసులు బయటపడ్డాయి.
2. స్ట్రెప్టోకోకస్ పయోజెనిస్ వల్ల వచ్చే స్కార్లెట్ జ్వరం, టాక్సిక్ షాక్.

టాక్సిక్ షాక్ చికిత్సలో బాక్టీరియాను చంపే మందుతోపాటు, టాక్సిన్ తయారీని ఆపే క్లిండమైసిన్ కూడా ఇస్తారు.

గుర్తుంచుకోండి

చేతికి పుండు ఉన్నవారు వంట ముట్టరాదు. వండినది గంటల తరబడి బయట ఉంచరాదు. గాయంతోపాటు తీవ్ర జ్వరం, ఒంటిపై ఎర్రదనం, కళ్ళు తిరగడం ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: పాయసాన్ని మరిగించడం వల్ల ఏది నశించింది, ఏది మిగిలింది? మీ మాటల్లో రాయండి. నాకు ఆ జవాబు పరీక్ష పోయాక తెలిసింది. మీకు ముందే తెలియాలి.