మిల్లు గేటు దగ్గర చూపించు

కోదాడ

బిడ్డా,

మిర్యాలగూడ మిల్లు వాళ్లు వెబ్‌సైట్ పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. నువ్వు పంపిన మొదటి పేజీ తీరిగ్గా చూశాను. ఫొటోలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి, వాటి కింద యజమాని సందేశం, ఆ కింద మిల్లు చరిత్ర. సాగర్ ఎడమ కాలువ కింద కోత కోయించి, వడ్లు ట్రాక్టర్‌కెత్తిన రైతు ఇవి చదవడు. ఈరోజు వడ్లు దించుకుంటున్నారా, ఏ రకానికి ఎంత ధర, తేమ ఎంతవరకు ఒప్పుకుంటారు, ఎవరికి ఫోన్ చేయాలి? పేజీ తెరవగానే ఈ నాలుగూ కనబడాలి. ధర పక్కన తేదీ, మార్చిన సమయం తప్పకుండా వేయి. నిన్నటి ధర నమ్ముకొని బండి కిరాయి పెట్టుకొని వచ్చినవాడికి నువ్వేం జవాబు చెబుతావు?

మీసేవ కౌంటర్‌లో రోజూ చూస్తున్నాను. మనుషులు తమ కష్టాన్ని తమ మాటల్లో చెప్పుకుంటారు. పేజీలేమో ఆఫీసు ఫైళ్ల లెక్కన అడుగుతాయి. 2020 అక్టోబరులో మొదలైన భూరికార్డుల పోర్టల్ ధరణిలో 33 మాడ్యూళ్లుండేవి. "పాస్‌బుక్‌లో నా పేరు తప్పు పడ్డది" అనే రైతు వెతకాల్సింది టీఎం 33 అనే మాడ్యూల్. అది ఆయనకెట్లా తెలుస్తుంది? 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడు వాటిని 6కు కుదించారు. మనకు దగ్గరి నేలకొండపల్లి, మొదట ప్రయోగానికి తీసుకున్న నాలుగు మండలాల్లో ఒకటి. తగ్గించడం మంచి పనే. అయినా, ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఏది తనదో రైతు గుర్తుపట్టగలడా అన్నదే నాకు ముఖ్యం. నీ పేజీలో "ప్రొక్యూర్‌మెంట్" తీసేసి "వడ్ల కొనుగోలు" అని పెట్టు.

వడ్లు తెచ్చే రైతులకు టోకెన్ ఫారం కూడా పెడతానన్నావట. ఓటీపీ వచ్చే నంబరు చాలాసార్లు హైదరాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గరుంటుంది. అతను ఫోనెత్తి అంకెలు చెప్పేలోపు గడువైపోతుంది, నింపిందంతా పోతుంది. పెద్దవాళ్లు అక్కడే నీరుగారిపోతారు, చూడలేను. గడువు ఎక్కువ ఇవ్వు, రాసినవి చెరిగిపోకుండా చూడు. సర్వే నంబరు గడి అంకెలనే తీసుకుంటే పనికిరాదు. 214/ఆ/2 లాంటివి మన దగ్గర మామూలే.

అక్షరాల సంగతి. ఇంగ్లీషుకు సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు, నీ పేజీలో ఒత్తులు కింది వరసకు తగులుతున్నాయి. తెల్లని తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు మధ్యాహ్నపు ఎండలో అసలు కనిపించవు. అక్షరానికీ వెనకరంగుకూ మధ్య కనీసం 4.5కు 1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నియమం. దాన్ని పాటించు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఐదుగురి చేత వాడించి చూస్తే చాలా లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ట్రాక్టర్లు వరస కట్టినప్పుడు మిల్లు గేటు దగ్గరికి పో. ఫోన్ రైతు చేతికిచ్చి, "ఇవాళ దొడ్డు వడ్ల ధరెంతో చూడవా, తాతా" అని అడిగి ఊరుకో. నోటితో చెప్పకు, వేలితో చూపించకు. ఎక్కడ ఆగాడో రాసుకో. సరిదిద్దాక సూర్యాపేట మార్కెట్ యార్డులో ఇంకొందరికివ్వు. యజమానికి చూపించేది ఆ తరవాతే. చరిత్రే పైన ఉండాలని ఆయన పట్టుబడితే, రాసుకున్న కాగితం ముందు పెట్టు.

మీ అత్తమ్మ