పొగ, నిప్పు, తోట: తర్కశాస్త్రమున ఒక పాఠము

వాడుకభాషలో అనుమానమనగా సందేహము. తర్కశాస్త్రమున దాని యర్థము వేఱు. కనబడిన దానినిబట్టి కనబడని దానిని నిశ్చయించుటకే అనుమానమని పేరు. గౌతముని న్యాయసూత్రములు ఈ విద్యకు మూలము. 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు, బాలురకు సులభముగా బోధపడుటకై దీనిని తర్కసంగ్రహమను చిన్న గ్రంథమున పొందుపరచెను.

శాస్త్రకారులు కొండమీది పొగను ఉదాహరణముగా చెప్పుదురు. దక్షిణాఫ్రికాలో నటాలు ప్రాంతపు తెలుగువారికి చెఱకుతోటయే తగిన ఉదాహరణము. కోతకు ముందు ఆకును కాల్చు పద్ధతి అచ్చట కలదు. దూరమున పొగ లేచును, మంట కనబడదు. చూచువాడు "తోటలో నిప్పున్నది" అనును. ఈ చిన్నమాటలో మూడు వస్తువులు కలవు. తోట పక్షము, నిప్పు సాధ్యము, పొగ హేతువు. ఇతరులకు నచ్చజెప్పునపుడు ఆ మాటను ఐదు అవయవములుగా విడదీయవలెను.

ప్రతిజ్ఞ: ఆ తోటలో నిప్పు కలదు.
హేతువు: పొగ యుండుటవలన.
ఉదాహరణము: ఎచ్చట పొగ యుండునో అచ్చట నిప్పుండును, వంటయింటిలో వలె.
ఉపనయము: ఈ తోటలోను అట్టి పొగ కలదు.
నిగమనము: కావున ఆ తోటలో నిప్పు కలదు.

మొదట హేతువు నిజమై యుండవలెను. ఉదయపు మంచును పొగ యని భ్రమించినచో తక్కిన వాదమంతయు కూలిపోవును. పిమ్మట పొగకును నిప్పునకును గల విడరాని సంబంధము నిలువవలెను. దీనికే వ్యాప్తి యని పేరు. వ్యాప్తి ఒకే దిక్కునకు నడచును. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పు లేనిచోట పొగ యుండదు. ఈ రెండును ఒకే సత్యము. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండవలెనను నియమము లేదు. ఎఱ్ఱగా కాగిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. తడికట్టె తోడైనపుడే నిప్పునుండి పొగ పుట్టును. ఇట్టి తోడునకు ఉపాధి యని పేరు.

ఈ పాఠము ఇంటి విషయమునకును అన్వయించును. 1860లో మదరాసునుండి ట్రూరో అను ఓడ డర్బను చేరినది మొదలు సాగిన వలసలో తెలుగువారును కలరు. వారి సంతతి ఇండ్లలో తెలుగు మాట తగ్గినది. తెలుగు వినబడు ఇంట తెలుగుపై అభిమానము కలదని అంగీకరింతము. అంతమాత్రమున "ఈ ఇంట తెలుగు వినబడదు, కావున అభిమానము నశించినది" అనవచ్చునా? అనరాదు. ఇంగ్లీషు మాత్రమే మాటలాడుచు ఉగాది పచ్చడిని, రామభజనను, ఇంటిపేరును విడువని ఇల్లు ఒక్కటి కనబడినను ఆ వాదము వీగిపోవును. నివురుగప్పిన నిప్పునకు పొగ యుండదు కదా!

మఱికొందఱు "అభిమానమున్నది, భాష దానంతట అదియే నిలుచును" అని ఊరట చెందుదురు. మొదటిది నిరాశ, ఇది ధీమా. రెండును వేఱువేఱుగా తోచును గాని రెండింటిలోని తప్పు ఒక్కటే: నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననుట. అభిమానమునుండి భాష పుట్టుటకును ఉపాధి యొకటి కావలెను. అది నిత్యాభ్యాసము. పెద్దలు పలుకవలెను, పిన్నలు బదులు చెప్పవలెను, వారమునకొక పాఠమైనను చదువవలెను. ఇది తెలిసినవాడు పొరుగింటివానిని నిందింపడు, తన యింట ఊరకయు నుండడు.

అభ్యాసము

1. వాన కురిసినచో వాకిలి తడియును. వాకిలి తడిసియున్నది. వాన కురిసినదని నిశ్చయింపవచ్చునా?
2. వాకిలి పొడిగా నున్నది. ఇపుడేమి నిశ్చయింపవచ్చును?
3. మీ యింటి విషయమొకటి గైకొని ఐదు అవయవములతో వాక్యములు వ్రాయుడు. వ్యాప్తి ఏ దిక్కునకు నడచుచున్నదో పరీక్షింపుడు.