నీలిగుఱ్ఱమును దిద్దుట

మనవారు ఈ ప్రాంతమున స్థిరపడి తరములు గడచినను, పిల్లలచే ఓనమాలు దిద్దించుట మానలేదు. పలకపై పెద్దలు వ్రాసిన అక్షరము మనది కాదు. దిద్దగా దిద్దగా అది మన చేతిదగును. చిత్రలేఖనమునందును ఇట్టి పద్ధతి కలదు. గొప్ప చిత్రమొకదానిని ఎదుట నుంచుకొని తిరిగి వ్రాయుటయే అది.

ఇందుకు మేము ఎన్నుకొన్నది జర్మను చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1911లో రచించిన "నీలిగుఱ్ఱము - 1" అను తైలవర్ణచిత్రము. మూలము మ్యూనిక్ నగరమందలి లెన్‌బాఖ్‌హౌస్ చిత్రశాలలో నున్నది. తల యొకవైపునకు వంచి నిలిచిన గుఱ్ఱపుపిల్ల. వెనుక పలువన్నెల కొండలు. అచ్చుప్రతిని తరగతిలో చూపగానే ఒక బాలుడు, "గుఱ్ఱము ఎక్కడైనను నీలముగా నుండునా, మాష్టారూ?" అని యడిగెను. తక్కినవారు నవ్విరి. మేము సమాధానము చెప్పక, కుంచె చేతికిచ్చితిమి.

మొదట కొలత. మూలచిత్రము ఎత్తు సుమారు 112, వెడల్పు 84.5 సెంటీమీటర్లు; అనగా ఇంచుమించు నాలుగింటికి మూడు. కావున 40 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల కాన్వాసుపై 10 సెంటీమీటర్ల గడులు 12 గీయవలెను. అచ్చుప్రతిపైనను అన్నియే గడులు గీసి, ఏ గడిలోని గీతను ఆ గడిలోనికి దింపుకొనవలెను.

పిమ్మట రంగు. తొలిపూతను టర్పెంటైనుతో పలుచన చేసి వేయవలెను. మీది పూతలలో అవిసెనూనె హెచ్చవచ్చును. ఈ నూనె నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లగా గట్టిపడును. అడుగున నూనె యెక్కువైనచో అది ఆరకమునుపే పైపూత బిగిసి పగుళ్లు వాఱును. పని చేయునపుడు కిటికీలు తెఱచియుంచవలెను. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వేయరాదు. అవి వేడెక్కి తమంతట తామే అంటుకొనగలవు. విప్పి ఆరవేయవలెను.

మా తొలిప్రయత్నము చెడినది. నీడకొఱకు నీలములో నలుపు కలిపితిమి. గీత తప్పలేదు, గడి తప్పలేదు. గుఱ్ఱము మాత్రము మసి పూసినట్లయ్యెను. ప్రతిని మరల పరిశీలించితిమి. ఱొమ్ముకడ తెలుపు కలిసిన లేతనీలము, జూలుకడ చిక్కని నీలము. ప్రక్కనున్న పసుపు, ఎఱుపులవలననే ఆ నీలము వెలుగుచున్నది. రంగు గోకి మరల వేయునపుడు ఆ బాలుడే, "గోధుమవన్నె వేసినచో ఇంత శాంతముగా నుండదు, మాష్టారూ" అనెను. తన ప్రశ్నకు తానే సమాధానము కనుగొనెను. మార్క్‌కు నీలము నిగ్రహమునకు, ఆత్మకు సంబంధించిన రంగు. పసుపు మృదుత్వమునకు, సంతోషమునకు. ఎఱుపు బరువైన జడపదార్థమునకు. కంటికి గోచరించునది గాక, మనసునకు తోచునది వ్రాయుటయే ఎక్స్‌ప్రెషనిజము.

తరగతిలోని నవ్వు పిల్లల నవ్వు. కాని 1937లో నాజీ ప్రభుత్వము మ్యూనిక్‌లో "పతిత కళ" అను ప్రదర్శన మేర్పఱచి, ఇట్టి చిత్రములను లోకముచే నవ్వించజూచెను. 1916లో వెర్డూన్‌కడ జర్మను సైనికుడుగా మరణించిన మార్క్ చిత్రములును అందుండెను. ఆయన 1913 నాటి "నీలిగుఱ్ఱముల గోపురము" రెండవ ప్రపంచయుద్ధానంతరము జాడ తెలియక పోయినది. నేడు దానిని అచ్చుప్రతులలో మాత్రమే చూడగలము.

అనుకృతి ముగిసినపిదప దాని వెనుక మూలచిత్రకారుని పేరు వ్రాయుట మన ధర్మము. ఆ తరువాత అచ్చుప్రతిని దాచి, మన వీధిలోని ప్రాణి నొకదానిని మన మనసునకు తోచిన రంగులో వ్రాయవలెను. ఓనమాలు దిద్దినవాడు ఎన్నడో యొకనాడు తన ఉత్తరము తానే వ్రాయవలెను గదా! ఆ బాలుడు పాలవాని యెనుమును ఊదారంగులో వ్రాసితెచ్చెను. ఈసారి ఎవరును నవ్వలేదు.