మత్తుమందు బీరువా – తాళం, లెక్క

ఆపరేషన్ థియేటరు అనగానే మనలో చాలామందికి కత్తీ, పెద్ద దీపం, మూతికి గుడ్డ కట్టుకున్న సర్జనూ కళ్ళ ముందు మెదులుతారు. అంతా సినిమాల పుణ్యం! గోడ వారగా నిలబడి ఉండే మందుల బీరువాని ఏ సినిమా వాడూ చూపించడు. ఆ గదిలో అన్నిటికంటే భయపడవలసింది దానికే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

అందులో ఏముంటాయి? నిద్రపుచ్చడానికి ప్రోపోఫాల్, కెటమిన్. నొప్పి తెలియకుండా మార్ఫిన్, ఫెంటనిల్. కండరాలు సడలడానికి వెకురోనియం, అట్రాక్యూరియం. ఈ చివరి రకం దగ్గర కాస్త ఆగాలి. నాడి నుంచి కండరానికి కబురు మోసేది అసిటైల్‌కోలిన్ అని జువాలజీ క్లాసులో అందరం రాసుకున్నాం. ఆ కబురు అందుకునే చోట వెకురోనియం అడ్డంగా కూర్చుంటుంది. చెయ్యి లేవదు, నోరు పెగలదు, ఊపిరి తీసే కండరాలూ ఆగిపోతాయి. తెలివి మాత్రం ఉంటుంది! అందుకే ముందు నిద్రపుచ్చి, గొట్టం వేసి, మత్తు డాక్టరు దగ్గరుండి ఊపిరి ఆడిస్తాడు. పని అయ్యాక ఆ పట్టు విడిపించడానికి ఇచ్చే నియోస్టిగ్మినూ, మేం పత్తి చేలో కొట్టే ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందూ పట్టుకునేది ఒకే ఎంజైముని. పురుగుమందు డబ్బాకి నాన్న తాళం ఎందుకేస్తాడో తెలిసినవాణ్ణి గనుక ఈ బీరువా సంగతి నాకు తొందరగానే అర్థమైంది.

మరి తాళం వేస్తే సరిపోతుందా? ఇక్కడే చిక్కు. బల్లమీద మనిషికి రక్తపోటు పడిపోయినప్పుడు తాళం చెవి కోసం వెతుక్కుంటే కుదరదు. కాబట్టి అట్రోపిన్, అడ్రినలిన్ వంటివి చేతికందేలా ఉండాలి. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటివి మాత్రం రెండు తాళాల వెనక ఉండాలి. ఒకే గదిలో రెండు రకాల న్యాయం అన్నమాట. మన దేశంలో 1985 నాటి నార్కోటిక్ చట్టం మార్ఫిన్‌కి ఎన్ని అనుమతులు పెట్టిందంటే, చాలా ఆసుపత్రులు అసలు తెప్పించడమే మానేశాయి. నష్టపోయింది కాన్సరు రోగులు. 2014లో చట్టాన్ని సవరించి ఆ ముడి కొంత వదులు చేశారు. దానికి కొద్దిగా ముందు, 2013 డిసెంబరులో, కెటమిన్‌ని షెడ్యూల్ ఎక్స్‌లోకి తెచ్చి బిగించారు. ఆ షెడ్యూలు మందుల్ని షాపువాడు వాటికే కేటాయించిన అరలో తాళం వేసి ఉంచాలి.

మా పెద్దమ్మ కూతురు థియేటరు సిస్టరు. సెలవులకి వచ్చినప్పుడు, మీ దగ్గర ఎలా చేస్తారని అడిగాను. “ఒరేయ్, తాళం కంటే ఖాళీ సీసాలు ముఖ్యంరా! నిన్న వాడిన ఆంప్యూళ్ళు అప్పజెప్తేగాని ఇవాళ కొత్తవి ఇవ్వరు” అంది. మిగిలిన మందు లెక్క ఇంకా సున్నితం. ఫెంటనిల్ రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్లో 100 మైక్రోగ్రాములుంటాయి. పది కిలోల పిల్లవాడికి 20 ఇచ్చారనుకోండి. ఆ మిగిలిన 80ని ఇంకొకరి కళ్ళెదుట పారబోసి, ఇద్దరూ రిజిస్టరులో సంతకం పెట్టాలి. తీరుబడిగా ఉన్నప్పుడు సాక్షి చూసి పెడతాడు; రద్దీ రోజున చూడకుండా పెడతాడు. ఈ మాట కూడా అక్క చెప్పిందే.

చూడకపోతే ఏమవుతుందో అమెరికాలో డెన్వరు నగరంలోని రోజ్ మెడికల్ సెంటరులో 2009లో బయటపడింది. బీరువాకి తాళం ఉంది. కాని ముందుగా ఎక్కించి పెట్టుకున్న ఫెంటనిల్ సిరంజీలు మత్తు డాక్టరు బండి మీద కాపలా లేకుండా ఉండేవి. మత్తుకి అలవాటుపడిన ఒక థియేటరు ఉద్యోగిని వాటిని తీసుకుని, తాను వాడేసిన సిరంజీల్లో ఉప్పునీరు నింపి అక్కడ పెట్టింది. ఆమెకి హెపటైటిస్ సి ఉంది. పదిహేను మందికి పైగా రోగులకి అంటుకుంది. 2010లో ముప్ఫై ఏళ్ళ శిక్ష పడింది. సిరంజిలోకి ఎక్కిన మందు తాళం దాటి వచ్చినట్టే.

పోతే, మనిషిని నమ్మలేక పెట్టిన యంత్రపు బీరువాలూ ఉన్నాయి. రోగి పేరు, మందు పేరు కొడితే ఆ అర ఒక్కటే తెరుచుకుంటుంది, ఎవరు తీశారో రాసుకుంటుంది. 2017 డిసెంబరులో నాష్‌విల్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో (ఇది థియేటరులో జరిగింది కాదు, స్కానింగుకి వెళ్ళిన రోగి విషయం) నర్సు వెర్సెడ్ అనే నిద్రమందు కోసం మొదటి రెండక్షరాలు కొట్టింది. దొరకలేదు. అత్యవసరానికని ఉంచిన అడ్డదారి నొక్కి మళ్ళీ వెతికితే వెకురోనియం అర తెరుచుకుంది. రోగి చనిపోయింది. 2022లో కోర్టు ఆ నర్సుని దోషి అంది, జైలుకి మాత్రం పంపలేదు. యంత్రం ఎవరు తీశారో చక్కగా రాసిపెట్టింది, ఆపలేకపోయింది.

ఇవన్నీ బీరువాలున్న చోటి కథలు. మా అమ్మ ఆపరేషన్‌కి అసలు బీరువా నేనే! ఊరూ ఆసుపత్రీ పేరెందుకులెండి. చీటీ నా చేతిలో పెట్టి ఎదురుగా మెడికల్ షాపుకి పంపారు. మే నెల ఎండలో, ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని, వరండాలో రెండు గంటలు కూర్చున్నాను. ఊసుపోక పెట్టె మీది అక్షరాలు చదివితే ‘అట్రాక్యూరియం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను’ అని ఉంది. రెండు గంటల్లో అది చచ్చిపోదు. ఫ్రిజ్ బయట పెట్టినా గది వేడిలో పధ్నాలుగు రోజుల వరకూ వాడొచ్చునని తర్వాత చదివాను. కాని ఆ షాపులో కరెంటు పోయిన రోజులెన్ని, ఫ్రిజ్‌లోంచి తీసి ఎన్నాళ్ళయింది, ఎవరు రాసి పెట్టారు? ఎన్ని వాడారు, మిగిలినవి ఏవని అడిగితే, “అమ్మ బాగుంది కదా, ఇంకేం కావాలి” అని కసురుకున్నారు. అమ్మ బాగానే ఉంది. ఆ కవరు మాత్రం తిరిగి రాలేదు.

ఎక్కించిన సిరంజికి రంగు చీటీ అంటించే పద్ధతి చాలా చోట్ల ఉంది. నిద్రమందుకి పసుపు, నొప్పిమందుకి నీలం, కండరాలు సడలించేదానికి ఎరుపు. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే సిస్టరూ వచ్చే సిస్టరూ కలిసి ఆంప్యూళ్ళు లెక్కబెడతారు. ఒక్కటి తక్కువైనా తాళం చెవి చేతులు మారదు, పాత సిస్టరు ఇంటికి వెళ్ళదు. చివరి బస్సు పోయినా సరే, లెక్క తేలేదాకా అక్కడే.