కొట్టు లెక్కలో పర్యావరణం

పర్యావరణ కాలుష్యం అనగానే మనకు పెద్ద ఫ్యాక్టరీలు, పొగ గొట్టాలు గుర్తుకొస్తాయి. విశాఖ వన్ టౌన్‌లో ఉన్నవారికైతే పోర్టు బొగ్గు పొడి ముందుగా గుర్తొస్తుంది. అది నిజమైన సమస్యే. అయితే కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ చుట్టూ ఉన్న కిరాణా కొట్లు, టిఫిను బళ్లు, బజ్జీల దుకాణాల నుంచి రోజూ వచ్చే చెత్త గురించి కూడా మనం ఆలోచించాలి. మనలో ఎందరి తల్లిదండ్రులో ఇలాంటి బండి నడిపో, ఇలాంటి కొట్లో పనిచేసో మనల్ని చదివిస్తున్నారు. కనుక ఇది మన ఇంటి విషయం కూడా.

చట్టం ఏం చెబుతోంది?

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులను కూడా నిషేధించారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తినుబండారాలను వార్తాపత్రికల్లో చుట్టి ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధమే, ఎందుకంటే ఆ సిరా తిండికి అంటుకుంటుంది.

మరి ఎందుకు మారడం లేదు?

టిఫిను బండి దగ్గర ప్లేటు మీద పాలిథీన్ కాగితం వేసి ఇడ్లీ పెట్టడం మనందరం చూసిందే. ప్లేట్లు కడగడానికి బండి దగ్గర చాలినన్ని నీళ్లు ఉండవు. అసలు కారణం అది. ఈ సంగతి తెలుసుకోకుండా జరిమానా మాత్రమే వేస్తే ఆ రోజు సంపాదన పోతుంది, మర్నాడు కవరు మళ్లీ వస్తుంది. అందువల్ల మొదట డబ్బు మిగిల్చే మార్పు చూపించాలి. ఆ మిగులుతో ఖర్చయ్యే మార్పు చేయించాలి.

మన నగరమే దీనికి ఉదాహరణ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ముందు పెట్టుబడి పెట్టింది. కరెంటు ఆదాతో ఆ సొమ్ము తీర్చుకునే ఏర్పాటు అది.

కొట్టులో లెక్క

1. పాత ట్యూబులైటు చోకుతో కలిపి సుమారు 55 వాట్లు లాగుతుంది. ఎల్ఈడీ ట్యూబుకు 20 వాట్లు చాలు. నాలుగు ట్యూబులు రోజుకు 8 గంటలు వెలిగితే నెలకు దాదాపు 33 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే దాదాపు 200 రూపాయలు. ట్యూబు 250 రూపాయలనుకున్నా అయిదు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది.

2. రోజుకు 200 కవర్లు, ఒక్కోటి 50 పైసలు అనుకుందాం. నెలకు 3,000 రూపాయలు. సగం మంది సంచి తెచ్చుకున్నా 1,500 మిగులు.

3. గ్యాసు మంట పచ్చగా ఉంటే ఇంధనం పూర్తిగా మండడం లేదని అర్థం. బర్నరు శుభ్రం చేసి, గిన్నెపై మూత పెడితే గ్యాసు ఆదా అవుతుంది.

ఇలా మిగిలిన దానితో అడ్డాకు విస్తర్లు కొనవచ్చు. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనులు సేకరించే ఆకులవి. మట్టిలో కలిసిపోతాయి, మన్యంలో కొందరికి పనీ దొరుకుతుంది. ఇక మాడిన నూనెను కాలువలో పోయకూడదు. అది గడ్డకట్టి, కవర్లతో కలిసి గెడ్డకు అడ్డుపడుతుంది. వాన పడితే ఆ మురుగు వచ్చేది కొట్టు ముందుకే.

మనం చేయగలిగింది

మిత్రులారా! ఎన్.ఎస్.ఎస్. ర్యాలీలో నినాదాలిచ్చి వచ్చేస్తే చాలదు. ఇద్దరిద్దరుగా ఒక్కో కొట్టుకు వెళ్లి, కరెంటు బిల్లు చూసి, యజమానితో కూర్చుని లెక్క కట్టండి. బళ్లు నిలిచే చోట కుళాయి కావాలని వారితో కలిసి మునిసిపల్ కార్పొరేషనుకు అర్జీ రాయండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఒక్కో బండికి స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొనిస్తే అది ఏళ్ల తరబడి పనికొచ్చే సాయం.

“పోర్టు దుమ్ము ముందు నా కవరెంత?” అని ఎవరైనా అడిగితే కోప్పడకండి. ఆ ప్రశ్న న్యాయమైనదే. పోర్టును అడగవలసింది అడుగుదాం. కానీ కొట్టు ముందు కాలువను పూడ్చేది మాత్రం మన కవరే. దాన్ని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.