‘గ్రేడ్ 2’ అనే ముందు

చిరంజీవి మాధవికి,

“పేషెంటుకి యాభై ఎనిమిదేళ్లు, మెదడు కణితి స్లైడు గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమాలా ఉంది, ఫరవాలేదు కదా” అన్నావు మొన్న ఫోన్లో. ఆ ‘ఫరవాలేదు’ దగ్గరే నీతో నాకు పేచీ.

ఆ వయసులో అలాంటి స్లైడును నేనైతే నమ్మను. మైటోసిస్ లేకపోవచ్చు, నెక్రోసిస్ జాడ ఉండకపోవచ్చు, రక్తనాళాలు గుబురు కట్టకపోవచ్చు. అయినా ఐడీహెచ్ మ్యుటేషన్ లేదని తేలి, టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషనో, ఈజీఎఫ్ఆర్ యాంప్లిఫికేషనో, ఏడో క్రోమోజోము పెరిగి పదోది పోవడమో కనబడితే, 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ ప్రకారం అది గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4. ఇమ్యునో స్టెయినులో ఐడీహెచ్ నెగెటివ్ వచ్చిందని ఆగిపోకు. ఆ యాంటీబాడీ పట్టేది ఆర్132హెచ్ అనే ఒక్క మార్పునే. మిగతావి సీక్వెన్సింగులో దొరుకుతాయి.

మందు సంగతీ ఇంతే. ఉత్తర అమెరికాలో జరిగిన ఆర్‌టీఓజీ 9402 ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి, తీరిగ్గా చదువు. చేరేటప్పుడు అందరివీ గ్రేడ్ 3 ఆలిగోడెండ్రోగ్లియోమా తరహా రిపోర్టులే. తర్వాత చూస్తే, 1పి, 19క్యూ క్రోమోజోము భుజాలు రెండూ పోయిన కణితులవాళ్లకు రేడియేషన్‌తో పాటు పీసీవీ అనే కీమోథెరపీ ఇస్తే మీడియన్ ఆయుష్షు 14.7 ఏళ్లు, రేడియేషన్ ఒక్కటే అయితే 7.3. అవి పోనివాళ్లకు మందిస్తే 2.6, ఇవ్వకపోతే 2.7!

అలాగని మైక్రోస్కోపు మూలన పెట్టమనను. (జన్యు పరీక్షల మోజులో కొందరు కుర్రాళ్లు స్లైడు తిన్నగా చూడటమే మానేశారు.) డీఎన్ఏ తీసే ముందు, కణితి దట్టంగా ఉన్నచోట స్లైడు మీద మార్కరుతో గీత గీసేది నువ్వే కదా. ఆ గీతలో మామూలు మెదడు ఎక్కువ పడితే, ఎంత ఖరీదైన మిషనైనా ఉన్న మ్యుటేషన్‌ని లేదనే ప్రమాదం ఉంది. స్టీరియోటాక్టిక్ బయాప్సీ అయితే మరీ జాగ్రత్త, ముక్క దారప్పోగంతే. మొదటిసారి బ్లాకు కోసినప్పుడే రంగు వేయని సెక్షన్లు కొన్ని తీయించి పక్కన పెట్టు. మళ్లీ మళ్లీ మైక్రోటోము ఎక్కిస్తే, బ్లాకు ముఖం సమం చేయడంలోనే కణజాలం హరించుకుపోతుంది.

విభజన చెందుతున్న కణాలను చూపే కేఐ-67 శాతం మీద మాత్రం అట్టే బరువు పెట్టకు. ఇద్దరు లెక్కిస్తే రెండు అంకెలొస్తాయి.

పరీక్షకు డబ్బు లేని ఇళ్లుంటాయి. అప్పుడు జబ్బు పేరు చివర ఎన్ఓఎస్ (నాట్ అదర్‌వైజ్ స్పెసిఫైడ్) అని రాయి, పరీక్ష జరగలేదని ఆంకాలజిస్టుకు తెలుస్తుంది. రిపోర్టు తీసుకుంటూ బంధువులు “ఎన్నాళ్లమ్మా?” అని నిన్నే అడుగుతారు. మీడియన్ అంకె వాళ్ల చేతిలో పెట్టకు. సగంమంది దాన్ని దాటి బతికినవాళ్లేనని ఆ కంగారులో వాళ్లకు ఎక్కదు. ఆంకాలజిస్టు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించు, వీలైతే నువ్వూ పక్కనుండు.

మీ పెదనాన్న